గుల్ల కంకర, గడ్డకట్టే సముద్రం: తేలిక కాంక్రీటు అక్కడ ఎలా నిలుస్తుంది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. కెనడాలోని సెయింట్ జాన్స్‌లో మాస్టర్స్ చేస్తున్నారు. ఇండియా నుంచి తెప్పించిన సింటర్డ్ ఫ్లైయాష్ కంకరతో (బొగ్గు బూడిదను గుళికలుగా చేసి కాల్చినది) ఎం60 స్థాయి, అంటే 60 ఎంపీఏ (మెగాపాస్కల్) బలమున్న తేలిక కాంక్రీటు చేశారు. 28 రోజులు నీళ్లలో క్యూరింగ్ చేసి, బయటికి తీసి నేరుగా ఫ్రీజ్-థా (గడ్డకట్టించి కరిగించే) యంత్రంలో పెడితే 300 సైకిళ్లు పూర్తి కాకుండానే పగిలిపోయింది. అదే ఊరికి 315 కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్యలో, హైబర్నియా చమురు ప్లాట్‌ఫామ్ 1997 నుంచి నిలబడే ఉంది. అందులోనూ గుల్ల కంకర (లోపల సన్నటి రంధ్రాలున్న తేలిక కంకర) ఉంది. మరి దానికి లేని రోగం మీ దిమ్మెలకు ఎందుకొచ్చింది? పైగా మీ గైడ్ "స్ట్రెంత్ ఒక్కటే చూపిస్తే చాలదు, స్ట్రక్చర్‌గా ఎలా పనిచేస్తుందో రాయి" అన్నారు.

గైడ్ మాటే ముందు పట్టుకోండి. చల్లటి సముద్రంలో తేలిక కాంక్రీటు గురించి అందరూ భయపడేది రంధ్రాల గురించి. నా లెక్కలో అది వెనక వచ్చే సమస్య, అదీ మన చేతిలో ఉండే సమస్య. మొదటి సమస్య షియర్, అంటే గోడను కోసినట్టు అడ్డంగా జారగొట్టే బలం. దాని తర్వాత ఐసు రాపిడి. కంప్రెసివ్ స్ట్రెంత్ ఈ వరుసలో ఎక్కడో చివర వస్తుంది.

అయినా మీ దిగులు దిమ్మెల గురించి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

నీరు గడ్డకడితే పరిమాణం 9 శాతం పెరుగుతుంది. రంధ్రంలో తొంభై శాతానికి పైగా నీరు నిండి ఉంటే ఆ పెరుగుదలకు చోటు ఉండదు. సగమే నిండి ఉంటే ఏమీ కాదు. కాబట్టి కంకరలో ఎన్ని రంధ్రాలున్నాయన్నది కాదు, గడ్డకట్టే క్షణానికి వాటిలో ఎంత నీరుందన్నదే అసలు ప్రశ్న. మీరు ముందే నానబెట్టిన కంకర వాడారు, 28 రోజులు నీళ్లలో ఉంచారు, ఒక్క రోజైనా ఆరనివ్వలేదు. సింటర్డ్ ఫ్లైయాష్ గుళికలు తమ బరువులో 15 శాతం నీరు పీల్చుకోవడం మామూలే. ఆ నీరంతా లోపలే ఉండగా యంత్రంలో పెట్టారు. గడ్డకట్టేటప్పుడు కంకరలోంచి తోసుకొచ్చే నీటికి చుట్టూ ఉన్న సిమెంటు పేస్టులో చోటు దొరకాలి. అక్కడ సన్నటి గాలి బుడగలు చాలినన్ని లేకపోతే పేస్టు చీలుతుంది.

తేలిక కంకరకు సంబంధించిన అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ330 ఇందుకే సీ666 అనే ఫ్రీజ్-థా పరీక్షను కాస్త మార్చి చేయమంటుంది: 14 రోజులు తడి క్యూరింగ్, తర్వాత 14 రోజులు గాలిలో ఆరబెట్టడం, ఆ తర్వాత ఒక రోజు నీళ్లలో ఉంచి అప్పుడు సైకిళ్లు మొదలుపెట్టడం. అదే మిక్స్ ఈ పద్ధతిలో నెగ్గి, మీ పద్ధతిలో ఓడిపోవచ్చు. ఇక్కడ నాకు ఒక అభ్యంతరం కూడా ఉంది. ఆ 14 రోజుల ఆరుదల వంతెన డెక్కుకు సరిపోతుంది. కానీ డ్రైడాక్‌లో స్లిప్‌ఫామ్‌తో (పైకి జరుపుతూ పోసే అచ్చుతో) కట్టి, కొన్ని వారాలకే నీళ్లలోకి దించే కెయిసన్‌కు (పెద్ద కాంక్రీటు పెట్టెకు) ఆరే అవకాశమే రాదు. అందుకని మీ పరీక్ష "తప్పు" అనను. అతి కఠినమైన పరిస్థితికి అది నిజాయితీ గల పరీక్ష. రెండు పద్ధతుల్లోనూ చేసి, రెండు ఫలితాలూ పక్కపక్కన పెడితే థీసిస్‌కు బలం.

హైబర్నియాలో వాడింది పూర్తి తేలిక కాంక్రీటు కాదని గమనించండి. ముతక కంకరలో దాదాపు సగం మామూలు రాయి, మిగతా సగం నార్త్ కరోలినా నుంచి తెచ్చిన ఉబ్బిన స్లేట్. పలకరాయిని రోటరీ కొలిమిలో 1,100 నుంచి 1,200 డిగ్రీల దాకా వేడిచేస్తే మరమరంలా ఉబ్బుతుంది, బయట గట్టి పెంకు ఏర్పడుతుంది. అది పీల్చే నీరు మీ గుళికలు పీల్చేదానిలో సగం కూడా ఉండదు. ఇలాంటి సగం-సగం మిక్స్‌కు సాంద్రత ఘనపు మీటరుకు 2,200 కిలోల దగ్గర ఉంటుంది. డిజైన్‌లో అడిగిన స్ట్రెంత్ 69 ఎంపీఏ. నీరు-సిమెంటు నిష్పత్తి బాగా తక్కువ, సిలికా ఫ్యూమ్ (రంధ్రాలు పూడ్చే అతి సన్నటి సిలికా పొడి) ఉంది. మీ మిక్స్‌కూ దానికీ పోలిక పేరులో మాత్రమే.

అసలు బరువెందుకు తగ్గించుకున్నారు? కారణం ఐసు కాదు, తేలడం. ఆ కట్టడాన్ని న్యూఫౌండ్‌లాండ్‌లోని బుల్ ఆర్మ్‌లో కట్టి, నీళ్లపై తేలుస్తూ లాక్కెళ్లాలి. గాలిలో తూచి చూసినప్పుడు తెలియని లాభం నీళ్లలో తెలుస్తుంది. ఇనుముతో కలిపి మామూలు కాంక్రీటు 2,500 కిలోలు, పూర్తి తేలిక కాంక్రీటు 1,950 కిలోలు అనుకోండి. గాలిలో తేడా 22 శాతం. సముద్రపు నీటి 1,025 తీసేస్తే 1,475కి బదులు 925, అంటే 37 శాతం తగ్గింది. డ్రాఫ్ట్ (నీళ్లలో మునిగే లోతు), తేలేటప్పటి స్థిరత్వం, లోతు తక్కువ ఉన్న చోట దాటడం, అన్నీ ఈ రెండో అంకె మీదే నడుస్తాయి. తమాషా ఏమిటంటే, అంత కష్టపడి తేలిక చేసిన హైబర్నియాను 80 మీటర్ల లోతులో కూర్చోబెట్టాక 4,50,000 టన్నుల మాగ్నెటైట్ ఖనిజం నింపి మళ్లీ బరువెక్కించారు. ఐస్‌బర్గ్ తోస్తే జారకుండా ఉండాలంటే బరువు కావాలి కదా. పది లక్షల టన్నుల ఐస్‌బర్గ్ గుద్దినా దెబ్బ తగలకుండా, అరవై లక్షల టన్నులది గుద్దితే బాగుచేసుకోగలిగే దెబ్బతో బయటపడేలా దాన్ని డిజైన్ చేశారు. చుట్టూ 16 పళ్లున్న ఐసు గోడ అందుకే.

"చల్లటి సముద్రం" అని ఒకే మాటగా రాయకండి, పరీక్షకులు అక్కడే పట్టుకుంటారు. నార్వే తీరంలో హైడ్రన్ ప్లాట్‌ఫామ్ 1995 నుంచి ఉంది. 345 మీటర్ల లోతులో కేబుళ్లతో కట్టి ఉంచిన తేలే కట్టడం, హల్ (తేలే అడుగు భాగం) మొత్తం 60 ఎంపీఏ స్థాయి (ఎల్‌సీ60) తేలిక కాంక్రీటు. కానీ అక్కడ సముద్రం గడ్డకట్టదు, వెచ్చటి ప్రవాహం పుణ్యమా అని. లోఫోటెన్‌లోని రాఫ్ట్‌సుండ్ వంతెన 298 మీటర్లు, బెర్గెన్‌కు దక్షిణాన స్టోల్మా వంతెన 301 మీటర్లు, రెండూ 1998వే. వాటి ప్రధాన స్పాన్ నడిమి భాగంలో తేలిక కాంక్రీటు వాడారు. అవి చలిని, ఉప్పు తుంపరను చూస్తాయి గానీ ఐసు ఒత్తిడిని చూడవు. ఐసుతో నిజంగా కుస్తీ పట్టింది వేరేది. 1984లో జపాన్‌లో కట్టి అలాస్కా దగ్గరి బ్యూఫోర్ట్ సముద్రానికి తీసుకెళ్లిన కాంక్రీటు ఐలాండ్ డ్రిల్లింగ్ సిస్టమ్. కింద స్టీలు బేస్, పైన స్టీలు డెక్కు, మధ్యలో తేనెపట్టు గదుల కాంక్రీటు. అదే కట్టడం 2005లో రష్యా సఖాలిన్ దగ్గర ఓర్లాన్ పేరుతో మళ్లీ పనిలోకి దిగింది. ఏటా నెలల తరబడి ఐసు కప్పేసే చోటు అది. ఒక సముద్రంలో పని ముగించుకుని రెండో సముద్రంలో మళ్లీ కొలువుకెక్కిన కాంక్రీటు కట్టడాలు ఎన్నో ఉండవు.

ఒకే కట్టడంలో కూడా ఎత్తును బట్టి పరిస్థితి మారుతుంది. సముద్రపు నీరు సుమారు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కాబట్టి ఎప్పుడూ మునిగే ఉండే కాంక్రీటు అంతకన్నా చల్లబడదు, రంధ్రాల్లోని ఉప్పునీరు అక్కడ గడ్డకట్టదు. 80 మీటర్ల లోతులో ఎనిమిది అట్మాస్ఫియర్ల ఒత్తిడితో నీరు కంకరలోకి దూరినా, పెరిగేది బరువే, చలి దెబ్బ కాదు. ఆ పెరిగే బరువును మాత్రం తేలే కట్టడంలో లెక్కలో వేసుకోవాలి, చాలామంది ల్యాబ్ సాంద్రతే వేసుకుని వదిలేస్తారు. పైన, అలలు అందని చోట, కాంక్రీటు ఆరి ఉంటుంది, అదీ ఫర్వాలేదు. చచ్చేది మధ్య పట్టీ: పోటుకు మునిగి, ఆటుకు బయటపడే చోటు. పోటులో నీరు పీల్చుకుంటుంది, ఆటులో మైనస్ 20 గాలికి గడ్డకడుతుంది, మళ్లీ పోటు వచ్చి కరిగిస్తుంది. రోజుకు రెండుసార్లు.

దీనికి ప్రపంచంలో అన్నిటికన్నా మంచి పరీక్షాశాల యంత్రం కాదు, అమెరికాలో మెయిన్ రాష్ట్రపు ట్రీట్ ఐలాండ్. 1936 నుంచి అక్కడి ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ సగం పోటు ఎత్తులో కాంక్రీటు దిమ్మెలను చట్రాల మీద ఉంచి గమనిస్తున్నారు. ఆటుపోట్ల తేడా ఐదు మీటర్లు దాటుతుంది, ఒక్క శీతాకాలంలో వందకు పైగా గడ్డకట్టి-కరిగే సైకిళ్లు. 1978 నుంచి కెనడా సంస్థ కాన్‌మెట్ అక్కడ తన దిమ్మెలను పెట్టింది, వాటిలో తేలిక కాంక్రీటువీ ఉన్నాయి. భారత సంతతి శాస్త్రవేత్త వి.ఎం. మల్హోత్రా, న్యూ బ్రన్స్‌విక్ విశ్వవిద్యాలయపు బ్రెమ్నర్ దీని వెనకున్న పేర్లు. వాళ్ల పత్రాల్లోంచి మీరు తీసుకోవాల్సిన విషయం సూటిగా ఉంటుంది: నీరు-సిమెంటు నిష్పత్తి తక్కువగా ఉండి, గాలి బుడగలు సరిగా ఉంటే తేలిక కాంక్రీటు మామూలు కాంక్రీటుకు దీటుగా నిలుస్తుంది. నిష్పత్తి 0.60 దగ్గరికి పోతే ఏ కంకరైనా కాపాడదు.

గుల్ల కంకర వల్ల లాభం కూడా ఉందని ఇక్కడే చెప్పాలి. మామూలు గ్రానైట్ చుట్టూ సిమెంటు పేస్టు ఒక బలహీనమైన పొరగా మిగిలిపోతుంది, నీరు, ఉప్పు దాని వెంటే లోపలికి పోతాయి. గుల్ల కంకర పైపెంకు రంధ్రాల్లోకి పేస్టు దూరి పట్టు బిగుస్తుంది, లోపలి నీరు తర్వాత నెమ్మదిగా వచ్చి సిమెంటుకు అందుతుంది. పైగా కంకర బిగువు, చుట్టూ ఉన్న మోర్టారు బిగువు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి లోడు పడినప్పుడు రెండింటి మధ్య సన్నటి పగుళ్లు తక్కువ పుడతాయి. కాబట్టి రాడ్లకు తుప్పు అనే కోణంలో దీన్ని అనుమానించనక్కర్లేదు. బాగా చల్లబడితే తడి కాంక్రీటు కంప్రెసివ్ స్ట్రెంత్ పెరుగుతుంది కూడా. రంధ్రాల్లోని ఐసు కూడా కొంత లోడు మోస్తుంది. కానీ ఆ పెరుగుదలను డిజైన్‌లో వాడుకోకండి, వేసవిలో అది ఉండదు.

ఇక అసలు విషయం, షియర్. మామూలు కాంక్రీటులో పగులు కంకర చుట్టూ తిరిగి పోతుంది. ఆ గరుకు ముఖాలు ఒకదానికొకటి పట్టుకుని జారకుండా ఆపుతాయి. గట్టి పేస్టున్న తేలిక కాంక్రీటులో పగులు కంకరను కోసుకుంటూ తిన్నగా పోతుంది. పగిలిన మీ దిమ్మె ముఖం చూడండి, గుళికలు రెండు చెక్కలై కనిపిస్తాయి, ముఖం నున్నగా ఉంటుంది. ఆ పట్టు లేకపోవడమే షియర్ తగ్గడానికి కారణం. కోడ్‌లూ ఇదే చెబుతాయి. అమెరికా కాంక్రీటు కోడ్ ఏసీఐ పూర్తి తేలిక కాంక్రీటుకు 0.75 గుణకం వేస్తుంది. యూరప్ ప్రమాణం యూరోకోడ్‌లో 1,900 సాంద్రతకు టెన్సైల్ స్ట్రెంత్ (లాగుడును తట్టుకునే బలం) గుణకం 0.40 + 0.60 × 1,900/2,200, అంటే 0.92. దానితోపాటు షియర్ సూత్రంలో 0.18కి బదులు 0.15 వస్తుంది. రెండూ కలిపితే మామూలు కాంక్రీటుతో పోల్చి 76 శాతం. దారులు వేరైనా ఇద్దరూ ఒకే చోటికి చేరారు.

దీన్ని ఐసు లోడుతో కలిపి చూడండి. ఆర్కిటిక్ కట్టడాల ప్రమాణం ఐఎస్ఓ 19906లో స్థానిక ఐసు ఒత్తిడికి ఒక సూత్రం ఉంది: 10 చదరపు మీటర్ల దాకా 7.40ను వైశాల్యపు 0.70 ఘాతంతో భాగించాలి, జవాబు ఎంపీఏలో. అంటే ఒక చదరపు మీటరు మీద 7.4 ఎంపీఏ, దాదాపు 750 టన్నులు. మీటరు మందం గోడ, ప్రభావవంతమైన లోతు (ఒత్తిడి పడే ముఖం నుంచి స్టీలు దాకా) 0.9 మీటర్లు అనుకుని, ఆ చతురస్రం అంచు నుంచి 0.45 మీటర్ల దూరంలో పంచింగ్ చుట్టుకొలత (ఐసు గోడను పొడుచుకుపోతే కోత పడే గీత) తీసుకుంటే 7.6 మీటర్లు వస్తుంది. షియర్ ఒత్తిడి 1.08 ఎంపీఏ. ఇప్పుడు 4 చదరపు మీటర్లకు చేయండి: ఒత్తిడి 2.8కి పడిపోతుంది, మొత్తం బలం 11.2 మెగాన్యూటన్లకు పెరుగుతుంది, షియర్ ఒత్తిడి మాత్రం 1.07 దగ్గరే. 10 చదరపు మీటర్లకు కూడా 1.0 చుట్టూనే. "ఏ సైజు ఐసు గడ్డ ప్రమాదం" అని అడిగితే జవాబు దాదాపు అన్నీ, అన్నమాట. ఇదంతా లోడ్ ఫ్యాక్టర్ (భద్రత కోసం లోడును పెంచే గుణకం) కలపకముందు. కలిపితే 1.4 పైనే.

60 ఎంపీఏ తేలిక కాంక్రీటుకు ఏసీఐ పంచింగ్ సామర్థ్యం, 0.33 × √60 × 0.75, రెసిస్టెన్స్ ఫ్యాక్టర్ (భద్రత కోసం సామర్థ్యాన్ని తగ్గించే గుణకం) 0.75 కూడా వేస్తే 1.44 వస్తుంది. చాలులే అనిపిస్తుంది. కానీ 2019 కోడ్‌లోని సైజు గుణకం ఈ లోతుకు 0.66. అది వేస్తే 0.95. సరిపోదు. మామూలు కాంక్రీటుకైనా 1.26 మాత్రమే, అదీ సరిపోదు. కాబట్టి రెండింటికీ షియర్ స్టీలు తప్పదు, తేలికదానికి ఎక్కువ కావాలి. వంపు తిరిగిన గోడ అయితే ఆర్చి ప్రభావంతో సామర్థ్యం బాగా పెరుగుతుంది. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ 1980లలో ఆర్కిటిక్ కట్టడాల కోసం తేలిక కాంక్రీటు గోడల మీద పంచింగ్ పరీక్షలు చేసింది, అవి మీ సాహిత్య సమీక్షలో తప్పక ఉండాలి.

స్టీలు పెట్టడం అనేది డ్రాయింగ్‌లో ఒక గీత, సైట్‌లో నరకం. మందపాటి గోడలో రెండు వైపులా నిలువు, అడ్డం రాడ్లు, ప్రీస్ట్రెస్ డక్టులు (కాంక్రీటును ముందే బిగించే తీగల గొట్టాలు), వాటి మధ్య స్టిరప్ కొక్కేలు (షియర్‌ను మోసే వంచిన రాడ్లు). కొక్కెం తిప్పడానికి చోటుండదు. అందుకే చివర పలక వెల్డు చేసిన టీ-హెడ్ రాడ్లు నార్వే, కెనడా ప్లాట్‌ఫామ్‌లలో వాడుకలోకి వచ్చాయి. కొక్కేలకన్నా అవి బాగా పట్టుకుంటాయి కూడా. ఈ కాంక్రీటు గరిష్ఠ లోడు దాటాక ఒక్కసారిగా విరుగుతుంది, మెల్లగా లొంగదు. చుట్టిన రింగులు దీనికిచ్చే సహాయం కూడా మామూలు కాంక్రీటుకు ఇచ్చేంత ఉండదు. అందుకని రాడ్ల మధ్య దూరం విషయంలో నేను కోడ్ అనుమతించే గరిష్ఠం దాకా ఎప్పుడూ వెళ్లను.

ఐసు రాపిడి గురించి మాట. కదిలే ఐసు గోడను ఏళ్ల తరబడి రుద్దుతుంది. మొదట పై పేస్టు పొర పోతుంది, తర్వాత కంకర బయటపడుతుంది. గ్రానైట్ అక్కడ ఎదురు నిలుస్తుంది, గుల్ల కంకర నిలవదు, పేస్టుతోపాటే అరిగిపోతుంది. ఇక్కడ స్ట్రెంత్ పెంచితే చాలనుకోవడం పొరపాటు. కెనడాలోని కాన్ఫెడరేషన్ వంతెన (1997, 12.9 కిలోమీటర్లు) తేలిక కాంక్రీటుది కాకపోయినా అక్కడి ఉపాయం చూడండి. నీటి మట్టం దగ్గర స్తంభాలకు శంకువు ఆకారం ఇచ్చారు. ఐసు ఏటవాలుగా పైకెక్కి వంగి విరుగుతుంది, లోడు తగ్గుతుంది. రుద్దుడు మాత్రం ఉంటుంది, అందుకే ఆ శంకువులకు ప్రత్యేకంగా హై స్ట్రెంత్ కాంక్రీటు వాడారు. నన్నడిగితే ఐసు తాకే పట్టీలో పూర్తి తేలిక కంకర వద్దు. హైబర్నియాలోలా సగం గట్టి రాయి ఉంచండి, లేదా అదనపు కవర్ (రాడ్ల పైనుండే కాంక్రీటు మందం) ఇచ్చి అది అరిగిపోతుందనే లెక్కలో పెట్టుకోండి.

ఉష్ణోగ్రత తేడా గురించి రెండు ముక్కలు. లోపల వేడి చమురు, బయట సున్నా కన్నా తక్కువ నీరు. తేలిక కాంక్రీటులో వేడి నెమ్మదిగా పారుతుంది కాబట్టి గోడ మందంలో తేడా ఎక్కువ నిలుస్తుంది. కానీ 1,900 సాంద్రతకు ఎలాస్టిక్ మాడ్యులస్ (బిగువు) మామూలుదానిలో 75 శాతమే, వ్యాకోచమూ కాస్త తక్కువ, అందుకని ఒత్తిడి అనుకున్నంత రాదు. పోతపోసేటప్పుడు మాత్రం జాగ్రత్త: సిమెంటు ఎక్కువ, వేడి బయటికి పోదు, మందపాటి గోడ లోపల ఉష్ణోగ్రత బాగా పైకి వెళ్తుంది.

ల్యాబ్‌లో మీరు వెంటనే మార్చాల్సినవి. గాలి శాతాన్ని ప్రెషర్ మీటరుతో కొలిచి ఉంటే ఆ అంకెలు పక్కన పడేయండి. ఒత్తిడికి కంకర రంధ్రాల్లోని గాలి కూడా నొక్కుకుపోయి ఎక్కువ చూపిస్తుంది. 6 శాతం అని సంతోషపడతారు, పేస్టులో అందులో సగమైనా ఉండకపోవచ్చు. సీ173 వాల్యూమెట్రిక్ పద్ధతి వాడండి. గట్టిపడ్డాక ఒక ముక్క కోసి, పాలిష్ చేసి, బుడగల మధ్య దూరం సీ457 ప్రకారం చూడండి, 0.20 మిల్లీమీటర్లు దాటకూడదు. మీ దిమ్మెలు పగలడానికి కారణం ఇదేనేమోనని నా మొదటి అనుమానం. వైబ్రేటరు ఎక్కువసేపు పెట్టకండి. మామూలు కంకర అడుక్కి దిగుతుంది, ఇది పైకి తేలుతుంది. సిలిండర్ పై నుంచి, కింద నుంచి ముక్కలు కోసి సాంద్రత పోల్చితే తెలిసిపోతుంది.

ఫ్లైయాష్ గుళికలను వదిలేయమని అనడం లేదు. ఐఎస్ 9142 రెండో భాగం 2018లో వచ్చాక మన దగ్గర దానికి ప్రమాణం ఉంది, విశాఖలాంటి తీరంలో గడ్డకట్టే సమస్యే లేదు కాబట్టి అక్కడ దాని లెక్క వేరు. సెయింట్ జాన్స్ చలికి మాత్రం మిక్స్ మార్చాలి. సగం కంకర స్థానిక గట్టి రాయి, సగం గుళికలు, నీరు-సిమెంటు 0.35 లోపు, 7 నుంచి 8 శాతం సిలికా ఫ్యూమ్, గుళికల్లో ఎంత నీరుందో పోసే రోజున తూచి రాసుకోవడం. కొత్త దిమ్మెలను రెండు జట్లుగా చేయండి, ఒకటి మీ పాత పద్ధతిలో, ఒకటి 14 రోజులు ఆరబెట్టి. ప్రతి 30 సైకిళ్లకు మాడ్యులస్‌తోపాటు బరువు కూడా తూచండి. పగులు కనిపించేముందే బరువు పెరగడం మొదలవుతుంది, నీరు ఎక్కడ చేరుతోందో అదే చెబుతుంది. పాత దిమ్మెల గాలి శాతం, పోసిన రోజు గుళికల తేమ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.